నీళ్ళు కదలరాదు

మా జాయింట్ డైరెక్టర్ అనంతపద్మనాభం గారు ఒక ఫోటోలో మసకగా పడ్డారు. ఆ తప్పు నాదే, కాదనను. పద్నాలుగేళ్ళు పెళ్ళి ఫోటోలు తీసి, అదే పనితనంతో సర్కారు ఆఫీసులో కాంట్రాక్టు ఫోటోగ్రాఫర్‌గా చేరినవాణ్ణి. పెళ్ళిలో పెళ్ళికూతురి ముక్కుపుడక మెరవాలి, వెనక నిలబడ్డ మేనత్తలూ పెదనాన్నలూ మసక మసగ్గా కరిగిపోవాలి. అలా కరగకపోతే పెళ్ళికూతురు ఆల్బమ్ ముట్టుకోదు. ఆ అలవాటు కొద్దీ ఓ మొక్కలు నాటే కార్యక్రమంలో ముఖ్య అతిథిని తీశాను. ఆయన చేతిలోని వేపమొక్క ఆకుల ఈనెలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. వెనక నిలబడ్డ జాయింట్ డైరెక్టర్ గారు మాత్రం కరిగిపోయారు.

మర్నాడది పేపర్లో వచ్చింది. కింద పేర్ల వరుసలో ఆయన పేరుంది. పైన ఆయన లేరు. ఇంట్లో వాళ్ళావిడ భూతద్దం పెట్టి వెతికి, ఎవరిదో గొడుగు చూపించి, "ఇది మీరేనాండీ?" అని అడిగారట. పది గంటలకల్లా నాకు కబురొచ్చింది.

మాది దృశ్య ధ్రువీకరణ విభాగం. జిల్లాలో రోడ్డు వేసినా, గోడ కట్టినా, కుళాయి బిగించినా, దాని ఫోటోని మేం ఆమోదిస్తేనే ఆ పని పూర్తయినట్టు. పని నిజంగా పూర్తయిందా లేదా అన్నది చూడ్డం మా బాధ్యత కాదు. దానికి వేరే శాఖ ఉండే ఉంటుంది.

"మిస్టర్ మస్తాన్, ఆ కార్యక్రమానికి నేను హాజరయ్యానా లేదా?" అన్నారు అనంతపద్మనాభం గారు.

"అయ్యారు సార్. నేను కళ్ళారా చూశాను."

"మీ కళ్ళు రికార్డు కాదు. ముఖ్య అతిథి స్పష్టంగా, నేను అస్పష్టంగా ఎందుకున్నాం? చట్టం ముందు అందరూ సమానమైనప్పుడు కెమెరా ముందు ఎందుకు కారు?"

నాకు కెమెరా గురించి చెప్పే అవకాశం చాలా అరుదుగా వస్తుంది. అందుకని ఉత్సాహంగా మొదలుపెట్టాను. లెన్సు లోపల కంటిపాపలాగా ఒక రంధ్రం ఉంటుంది సార్, దాన్ని అపర్చర్ అంటారు, అది పెద్దగా తెరిస్తే మనం గురిపెట్టిన మనిషి ఒక్కడే స్పష్టంగా పడతాడు, చిన్నది చేస్తే ముందువాళ్ళూ వెనకవాళ్ళూ అందరూ స్పష్టంగా పడతారు, దానికి అంకెలుంటాయి, రెండు పాయింట్ ఎనిమిది, ఎనిమిది, ఇరవై రెండు అని...

"అన్నిటికంటే పెద్ద అంకె?"

"ఇరవై రెండు సార్. కానీ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది..."

"పెద్దది చిన్నదెలా అవుతుందయ్యా! ఇరవై రెండు. రాసుకోండి భుజంగరావు గారూ."

భుజంగరావు గారు మా సూపరింటెండెంటు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. చెప్పకముందే ఉత్తర్వు రాసి ఉంచగల మనిషి. సాయంత్రానికి సమస్పష్టత ఉత్తర్వు వెలువడింది. "అధికారిక ఛాయాచిత్రములందు ముందు వరుస, వెనుక వరుస అను వివక్ష లేక సమస్తమును సమాన స్పష్టతతో గోచరించవలెను. ఇందు నిమిత్తము అపర్చర్ ఇరవై రెండుగా స్థిరీకరించడమైనది." మా ఆఫీసులో దేన్నైనా స్థిరీకరించడమంటే దాని మీద ఎర్ర లక్క కరిగించి పోసి ముద్ర గుద్దడం. బీరువా తాళాలకీ, పాత ఫైళ్ళ మూటలకీ, ఒకసారి జోరుగా తిరుగుతోందని ఫ్యాను రెగ్యులేటరుకీ అలాగే చేశారు. నా కెమెరాలో అపర్చర్ తిప్పే చక్రం మీద కూడా భుజంగరావు గారు శ్రద్ధగా లక్క పోశారు. పోసేటప్పుడు నాలుక కొంచెం బయటపెట్టారు, పసిబిడ్డకి కాటుక దిద్దుతున్నంత జాగ్రత్తగా.

అసలు ఆయన ఎంచుకున్న అంకె పనికిమాలిందేమీ కాదు. వెనకవాళ్ళంతా నిజంగానే స్పష్టంగా పడతారు. కాకపోతే రంధ్రం అంత చిన్నదైతే వెలుతురు లోపలికి రాదు. తర్వాతి కార్యక్రమంలో, షామియానా నీడలో తీసిన ఫోటోలో పాతికమంది ప్రముఖులు సమానమైన చీకట్లో పడ్డారు.

చీకటి పోవాలంటే రెండే దారులు. షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచడం ఒకటి. ఐ.ఎస్.ఓ. అనే అంకె పెంచడం రెండోది, అంటే ఉన్న కాస్త వెలుతుర్నే ఎక్కువ చేసి చూపించమని కెమెరాని అడగడం. నేను రెండో దారి పట్టి ఆరువేల నాలుగు వందలు పెట్టాను. అలా పెంచితే ఫోటోలో నలుసులు లేస్తాయి. జాయింట్ డైరెక్టర్ గారి చెంపల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు పడింది.

"నా చెంప మీద ఇదేమిటి?"

"గ్రెయిన్ అంటారు సార్."

"నాకు లేదు." ఆయన చెంప తడిమి చూసుకున్నారు. "దీని కనీస అంకె ఎంత?"

"వంద సార్."

"నూటికి నూరు వస్తుంటే ఆరువేల నాలుగు వందలు అడిగావా! ఇంత అత్యాశ పనికిరాదు మస్తాన్."

రెండో లక్క పడింది. ఇక మిగిలింది షట్టరు. ఇరవై రెండూ, వందా అలా బిగిసిపోయాక, షామియానా కింద ఫోటో సరిగ్గా రావాలంటే షట్టరు అర సెకను తెరిచి ఉండాలి. ఆ మాటే చెప్పాను. భుజంగరావు గారు రిజిస్టరు ముందుకీ వెనక్కీ తిప్పి, "అర రాయడానికి గడి లేదు. సెకన్లు అన్న గడిలో పూర్ణాంకమే రాయాలి. అర, ఆపైన ఉంటే పైఅంకెకి సవరించాలని నియమం" అన్నారు. ఒక సెకను అని రాసి మూడో లక్క పోశారు.

ఇప్పుడు వెలుతురు రెట్టింపయి ఫోటోలు తెల్లగా వెలిసిపోయాయి. దానికి లక్క కరిగించి సెకను తగ్గించాలంటే పై ఆఫీసుకి రాయాలి. కాబట్టి షామియానా మీద ఇంకో షామియానా వేయాలని ఉత్తర్వు ఇచ్చారు. వేశారు. ఫోటో అద్భుతంగా వచ్చింది. నా కెమెరాలో ఇక కదిలేది నా వేలొక్కటే.

కానీ మనుషులు కదులుతారు. సెకనంటే వినడానికి కొంచెమే, ఆ కొంచెంలోనే ఒకరు తల తిప్పుతారు, ఒకరు దోమని కొడతారు, దణ్ణం పెట్టే చేతులు నాలుగుగా పడతాయి. అందుకని నిశ్చలతా నియమావళి వచ్చింది. మొదటి ఈలకి ఊపిరి పీల్చాలి, రెండో ఈలకి బిగబట్టాలి, మూడో ఈలకి వదలాలి. దండ వేసేవారు దండని మెడకి అంగుళం పైన ఆపాలి. రిబ్బను కత్తిరించేవారు కత్తెర మూయరాదు. నేనింతవరకూ జనాన్ని నవ్వమని బతిమాలుకునేవాణ్ణి. ఇప్పుడు నవ్వు మొదలెట్టి మధ్యలో ఆపమని చెప్పాల్సి వచ్చింది. ఒక పెద్దాయన పళ్ళు బయటపెట్టి అలాగే ఉండిపోయి, మూడో ఈల వినిపించక, భోజనాల దగ్గర కూడా అదే మొహంతో కూర్చున్నాడు.

అన్నిటికంటే చిక్కు మేకల పంపిణీలో వచ్చింది. ఫోటోలో ఒక మేకకి మూడు తలలు పడ్డాయి. "ఒక మేకను మంజూరు చేయగా మూడు శిరస్సులు గోచరించుచున్నవి. మిగిలిన రెండు శిరస్సుల వివరములు తెలుపవలెను" అని భుజంగరావు గారు అభ్యంతరం రాశారు. మేక పుచ్చుకున్న మనిషి, ఇకమీదట తన మేక కదలదని హామీపత్రం రాసి వేలిముద్ర వేసిపోయాడు. గాలికి జెండా ఊగిందని ఇంకో ఫోటో ఆగింది. గాలిని నియంత్రించమని ఉత్తరం తయారైంది గానీ గాలి ఏ శాఖ కిందికి వస్తుందో తేలక పంపలేదు.

ఇదంతా నేను నవ్వుకుంటూ చూశాననే చెప్పాలి. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ షంషాద్ కడుపు పట్టుకుని నవ్వేది. పెదగుట్లపల్లె ఫైలు వచ్చేదాకా అంతే.

పెదగుట్లపల్లె గుట్ట మీది ఊరు. రెండువందల పన్నెండు గడపలు. ఆడవాళ్ళు మైలున్నర దిగి, కింద పొలంలో ఉన్న బోరు దగ్గర్నుంచి నెత్తి మీద బిందె, చంకలో బిందె పెట్టుకుని మళ్ళీ మైలున్నర ఎక్కుతారు. ఆ ఊరికి ట్యాంకు కట్టారు, పైపులు వేశారు, వీధికి రెండు చొప్పున కుళాయిలు బిగించారు. ట్యాంకు నిండుగా ఉంది. దాని వాల్వుకి తాళం వేసి ఉంది. కుళాయిలోంచి నీళ్ళు వస్తున్న ఫోటోని మా విభాగం ఆమోదిస్తే తాళం తీస్తారు. ఫోటో కోసం పది నిమిషాలు మాత్రం వదులుతారు. అది మే నెల.

నేను వెళ్ళాను. రెండు షామియానాలు, మూడు ఈలలు. సర్పంచి మాలకొండమ్మ గారు, వెనక బిందెలు పట్టుకుని ముప్ఫైమంది ఆడవాళ్ళు. అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. కుళాయి తిప్పారు. నీళ్ళు ధారగా దూకాయి. ఒక్క మనిషీ కదల్లేదు. కింద నేల మీద పారిపోతున్న ఆ నీళ్ళని చూస్తూ, ఖాళీ బిందెలతో, ఊపిరి కూడా తీయకుండా నిలబడ్డ ఆ మొహాలు కెమెరాలోంచి చూస్తే నాకు సిగ్గేసింది.

ఫోటోలో ముప్ఫైమందీ శిల్పాల్లా పడ్డారు. నీళ్ళు మాత్రం దూదిలా పడ్డాయి. పడక ఏం చేస్తాయి? చుక్కని చుక్కగా పట్టాలంటే షట్టరు సెకనులో వెయ్యో వంతు తెరిచి మూసెయ్యాలి. సెకనంతా తెరిచి ఉంచితే అంతసేపూ దూకిన నీళ్ళన్నీ ఒకదాని మీద ఒకటి పడి తెల్లటి పొగవుతాయి. కానీ ఆమోదపు పత్రంలో తొమ్మిదో గడి, "నీటి ధారయు, చుక్కలును స్పష్టముగా గోచరించుచున్నవా?" అని. ఫోటో తిరిగొచ్చింది. "కుళాయి నుండి దూది వెలువడుచున్నది." ఇంకోసారి తీశాను. "పొగ వెలువడుచున్నది. అగ్నిమాపక శాఖ అభిప్రాయము పొందవలెను."

మూడోనాడు మాలకొండమ్మ గారు రెండు బస్సులు మారి ఆఫీసుకొచ్చారు. యాభై దాటిన మనిషి. తలమీద బిందె మోసి మోసి మెడ నిటారుగా నిలిచిపోయింది. చూసేవాళ్ళకి పొగరనిపిస్తుంది.

"అయ్యా, ట్యాంకు నిండా నీళ్ళుండయ్యి. మా ఆడోళ్ళు గుట్ట దిగి ఎక్కతానే ఉండారు. నిన్న మా తోడికోడలు ఎండదెబ్బకి బిందెతో సహా పడింది. ఇంకేంది మీ అడ్డం?" అన్నారు.

"అమ్మా, ప్రభుత్వం మీకు నీళ్ళివ్వడానికి సర్వసన్నద్ధంగా ఉంది" అన్నారు అనంతపద్మనాభం గారు. "మీ నీళ్ళే ఫోటోకి సన్నద్ధంగా లేవు. మీ ఊరి ప్రజలు చూడండి, ఎంత క్రమశిక్షణతో నిలబడ్డారో! ఒక్క రెప్ప ఆడలేదు. నీళ్ళు ఒక్కటే సహకరించడం లేదు."

"అయి నీళ్ళయ్యా. కదలకపోతే బిందెలోకి ఎట్టా వస్తయ్యి?"

"బిందెలోకి రావడం తదుపరి దశ. మనమింకా ఫోటో దశలోనే ఉన్నాం."

నేను గొంతు సవరించుకుని, ఆ మూడు లక్కల్లో ఒక్కటి, షట్టరుది ఒక్కటి తీయించండి సార్, వెయ్యో వంతులో పట్టేస్తాను అన్నాను. భుజంగరావు గారు నా వంక జాలిగా చూశారు. వెయ్యో వంతుని పూర్ణాంకానికి సవరిస్తే సున్నా వస్తుందట. సున్నా సెకన్లు తెరిస్తే షట్టరు తెరవనట్టే కదా, తెరవని షట్టరుతో ఫోటో ఎలా తీస్తావని అడిగారు. ఫైలు మీద ఉత్తర్వు పడింది. "జలము నిశ్చలముగా నుండునట్లు గ్రామపంచాయతీ వారు తగు చర్యలు గైకొని ఛాయాచిత్రమును పునఃసమర్పించవలెను. నీళ్ళు కదలరాదు."

బయట వరండాలో బెంచీ మీద కూర్చుంది మాలకొండమ్మక్క. నేనూ పక్కన కూర్చున్నాను.

"ఆ కెమెరాకి ఏం రోగం మస్తానూ? నాకు తెలిసేటట్టు చెప్పు" అంది.

చెప్పాను. రంధ్రం, షట్టరు, ఐ.ఎస్.ఓ. మూడూ చెప్పాను. ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెంచుకోవాలి, మూడింటినీ కలిపే చూసుకోవాలి, విడివిడిగా బిగిస్తే లాభం లేదని చెప్పాను.

ఆవిడ కాసేపు ఆలోచించింది. "అంటే మా కింద బోరు కుళాయే గదబ్బాయ్. బిందె నిండాల. కుళాయి బాగా తిప్పితే చిటికెలో నిండుద్ది. కొంచెం తిప్పితే పొద్దెక్కేదాకా కూకోవాల. ఆ తీరిక లేకపోతే చిన్న చెంబుతో సరిపెట్టుకోవాల. మీవోళ్ళు కుళాయి సన్నంగా తిప్పి సీలేసినారు, చెంబు వద్దని సీలేసినారు, ఇంక కూకోక చస్తామా?"

నాలుగు సమావేశాలు, పదహారు పేజీల ఫైలు పెట్టి మా విభాగం అర్థం చేసుకోలేనిది ఆమె బెంచీ మీద కూర్చున్నంతలో తేల్చేసింది. నాకు సంతోషమూ వేసింది, ఒళ్ళూ మండింది.

"ఇంత తెలిసినోడివి, ఆ లక్క గోటితో గీకెయ్యరాదా?"

"గీకితే నా కొలువు పోతుందక్కా."

అబద్ధం చెప్పలేదు. ధైర్యంగానూ చెప్పలేదు. ఆమె నా వంక చూసి, భుజం తట్టి లేచింది. "పోనీలే. నీ కొలువు పొయ్యే పని వద్దు. నీళ్ళు కదలగూడదు, అంతేగా? ఎల్లుండి రా."

ఎల్లుండి వెళ్ళేసరికి రెండు షామియానాలూ వేసే ఉన్నాయి. కుళాయిలోంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. పడుతున్నాయి గానీ చప్పుడు లేదు. దగ్గరికెళ్ళి చూస్తే, పొగాకు నారుమడి మీద కప్పే తెల్లటి పాలిథిన్ పట్టాని సన్నంగా చీల్చి, పొయ్యి సెగ చూపించి, మెలితిప్పి కుళాయి మూతికి కట్టారు. చుట్టూ సన్నటి చేపల గాలపు తీగకి గుచ్చిన గాజుపూసలు వేలాడుతున్నాయి. మాలకొండమ్మక్క పుట్టింటి దండలోవట అవి.

"పదిహేడు పూసలే ఉండినయ్యి. చాలవా?" అంది.

"అక్కా, ఇది..."

"కదల్తన్నయ్యా?"

"లేదు."

"తియ్యి మరి."

ఈలలు వేశాను. ముప్ఫైమంది ఊపిరి బిగబట్టారు. ఈసారి బిగబట్టింది నవ్వుని. సెకనంతా షట్టరు తెరుచుకుని ఉంది. ఒక్క చుక్కా కదల్లేదు. నా జీవితంలో అంత స్పష్టమైన నీళ్ళ ఫోటో నేను తీయలేదు, ఇక తీయబోను.

ఫోటో నేరుగా జాయింట్ డైరెక్టర్ గారి బల్ల మీదికెళ్ళింది. ఆయన చాలాసేపు చూశారు. "చూశారా భుజంగరావు గారూ, మనం పట్టుబట్టాం కాబట్టే ఇది సాధ్యమైంది" అన్నారు. భుజంగరావు గారు పెన్సిలుతో చుక్కలు లెక్కపెట్టి పదిహేడు అని గడిలో నింపారు. ఫోటో కిందనే జాయింట్ డైరెక్టర్ గారు స్వహస్తాలతో రాశారు. "నీటి క్రమశిక్షణ అత్యంత ప్రశంసనీయము. జిల్లాలోని ఇతర జలములకు ఆదర్శము. ఆమోదించడమైనది."

ఆ మధ్యాహ్నం తాళం తీశారు. నేను లేను గానీ విన్నాను. వీధి కుళాయిలన్నీ ఒక్కసారి తిప్పి, బిందెలు నిండాక కూడా కట్టకుండా, ఆడవాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకున్నారట. ఎండదెబ్బ తగిలిన తోడికోడలు కుళాయి కింద తల పెట్టి లేవనని మొండికేసిందట. విన్న రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

పదకొండు రోజులు బాగానే గడిచాయి. పన్నెండో రోజు అనంతపద్మనాభం గారికి, ఆదర్శ జలాన్ని స్వయంగా సందర్శించాలన్న కోరిక పుట్టింది. దీన్ని మా భాషలో క్షేత్ర సరిపోలిక అంటారు. ఆమోదించిన ఫోటోని తీసుకెళ్ళి, నేల మీద ఉన్నది దానితో సరిపోతుందో లేదో చూడటం. సరిపోకపోతే నేలని సరిచేయాలి. ఆమోదించాక ఫోటోని మార్చడానికి నియమం లేదు.

ఆయనా, భుజంగరావు గారూ, నేనూ జీపులో వెళ్ళాం. ఫోటోని, కింది రాతతో సహా, తలుపంత పెద్దగా అచ్చువేయించి జీపు పైన కట్టారు. గుట్ట మీద పదకొండు గంటలకే రాళ్ళు కాలుతున్నాయి. రెండు షామియానాలు వేసినా వెలుతురు ఎక్కువైందని జీపుని మూడో షామియానా కోసం మండల కేంద్రానికి పంపారు. నీళ్ళ సీసాలు జీపులోనే వెళ్ళిపోయాయి.

కుళాయి తిప్పారు. పక్కన ఫోటో నిలబెట్టారు. ఫోటోలో ధార నిశ్చలంగా ఉంది. ఇక్కడ కదులుతోంది.

"ఇదేమిటి?" అన్నారు జాయింట్ డైరెక్టర్ గారు.

"నీళ్ళయ్యా" అంది మాలకొండమ్మక్క.

"ఇవి మంజూరైన నీళ్ళు కావు. మంజూరైనవి కదలవు." ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు. "చుక్కలెన్ని భుజంగరావు గారూ?"

భుజంగరావు గారు కుళాయి ముందు గొంతుక్కూర్చుని లెక్కపెట్టబోయారు. నలభై దాకా వచ్చి తప్పిపోయారు. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ తప్పారు. మొహమంతా తడిసింది. "మంజూరైనవి పదిహేడు సార్. ఇక్కడ అసంఖ్యాకం."

"అదనపు చుక్కలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలేదాకా వాల్వు మూయించండి. సీలు వేయండి."

ఊరంతా వింటోంది. ఎవరూ ఈల వేయకపోయినా అందరూ నిలబడ్డ చోటే బిగుసుకుపోయారు. ఒకావిడ చేతిలో సగం నిండిన బిందె ఉంది. ఆమె దాన్ని చీర కొంగుతో కప్పుకుంది, ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. నా మెళ్ళో ఉన్న కెమెరాని తీసి అక్కడి బండకేసి కొడదామనిపించింది. కొట్టలేదు. భుజంగరావు గారు సంచిలోంచి లక్క కడ్డీ, కొవ్వొత్తి తీశారు. మాలకొండమ్మక్క మెడ ఇంకాస్త నిటారుగా నిలిచింది.

ట్యాంకు దగ్గరికి దారి తీశారు. ఎక్కాల్సినవి నలభై మెట్లు. పది మెట్లు ఎక్కేసరికి జాయింట్ డైరెక్టర్ గారికి చెమటలు కారిపోయి, నాలుక పిడచకట్టింది. కింద నీడలోకి దిగి కూలబడ్డారు.

"ముందు కాసిని మంచినీళ్ళు ఇప్పించమ్మా" అన్నారు.

"అట్నేనయ్యా" అంది మాలకొండమ్మక్క. ఇంట్లోకి వెళ్ళింది. రావడానికి కొంచెంసేపు పట్టింది. వచ్చేటప్పుడు ఇత్తడి పళ్ళెంలో గాజుగ్లాసు పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, తల వంచి, ఎంతో మర్యాదగా తెచ్చింది. గ్లాసులో మెలితిప్పిన పాలిథిన్ చుట్టి ఉంది. పైన గాజుపూసలు మెరుస్తున్నాయి.

"తీసుకోండయ్యా. మంజూరైనయ్యే. పదిహేడు చుక్కలుండయ్యి, లెక్క సూసుకోండి. కదల్తన్నయ్యేమో కూడా సూసుకోండి. మీ సంతకం ఉండాది వీటికి."

ఆయన గ్లాసు అందుకున్నారు. పూసలు గలగలమన్నాయి. ఆయన ఆ గ్లాసు వంక చూశారు, తలుపంత ఫోటో వంక చూశారు, దాని కింద "అత్యంత ప్రశంసనీయము" అన్న తన చేతిరాత వంక చూశారు. ఇవి నీళ్ళు కావంటే ఆ రాత ఏమవుతుంది? నీళ్ళేనంటే తాగాలి. ఒట్టేసి చెబుతున్నాను, ఆయన గ్లాసుని పెదవుల దాకా ఎత్తారు. పాలిథిన్ పై పెదవికి తగిలింది. భుజంగరావు గారు కళ్ళు మూసుకున్నారు.

ఆయన మెల్లగా గ్లాసు దించారు.

"ఇవి... రికార్డు నిమిత్తం సరిపోతాయమ్మా. తాగే నిమిత్తం వేరే..."

"వేరేవి కదల్తన్నయ్యి గదయ్యా. మీరొద్దన్నారు."

కొంచెం అవతల ఎవరో కుళాయి కట్టడం మరిచిపోయినట్టున్నారు, నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన గుటక వేయబోయారు. వేయడానికి గొంతులో తడి లేదు.

"కదిలేవే ఇప్పించమ్మా" అన్నారు చిన్నగా.

"నోటిమాట చాలదయ్యా. మీ ఆఫీసులో నేర్చుకున్నా. రాసియ్యండి."

భుజంగరావు గారు కాగితం తీసి, పెన్ను మూత తీసి ఇచ్చారు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఆయన ముందుగా రాసి పెట్టుకోని ఉత్తర్వు అదొక్కటే అయ్యుంటుంది. జాయింట్ డైరెక్టర్ గారు మోకాలి మీద పెట్టుకుని, చెమట చుక్క కాగితం మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రాశారు. "ప్రజాప్రయోజనమును దృష్టియందుంచుకొని పెదగుట్లపల్లె గ్రామమునందు ఇకమీదట నీళ్ళు కదలవచ్చును. చుక్కల సంఖ్యపై పరిమితి లేదు." సంతకం, తేదీ, హోదా.

మాలకొండమ్మక్క కాగితం తీసుకుని, వేలితో అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదివింది. రెండోసారి గట్టిగా, ఊరందరికీ వినిపించేలా చదివింది. మడిచి బొడ్లో దోపుకుంది. అప్పుడు చెంబు తీసుకుని కుళాయి దగ్గరికెళ్ళి, నిండా పట్టి, తెచ్చి ఆయన చేతికిచ్చింది.

ఆయన గటగటా తాగేశారు. తాగి, చెంబు మళ్ళీ చాపారు. రెండో చెంబుకి ఆమె ఉత్తర్వు అడగలేదు.